ఊరికి కరెంటొచ్చింది, వాడకెప్పుడు? విద్యుత్ శాఖ చూసిన అంబేద్కర్

దుగ్గిరాల నుంచి తెనాలి, చుండూరు మీదుగా అటు బాపట్ల దాకా, ఇటు రేపల్లె దాకా వెళ్ళండి. దాదాపు ప్రతి మాలపల్లె, మాదిగపల్లె మొదట్లో ఒక విగ్రహం కనిపిస్తుంది. నీలం కోటు, కళ్ళజోడు, చంకలో రాజ్యాంగం, ముందుకు చాచిన చెయ్యి. చాలాచోట్ల ఆ విగ్రహం పక్కనే ఒక కరెంటు స్తంభం ఉంటుంది. పొద్దుగూకితే ఆ దీపం కింద పిల్లలు ఆడుకుంటారు, కూలి నుంచి వచ్చిన పెద్దవాళ్ళు కూర్చుని మాట్లాడుకుంటారు. ఆ చంకలోని పుస్తకానికీ బాబాసాహెబ్‌కూ ఉన్న సంబంధం అందరికీ తెలుసు. ఆ స్తంభానికీ ఆయనకూ ఉన్న సంబంధం మాత్రం మన పాఠ్యపుస్తకాలు చెప్పవు.

1942 నుంచి 1946 దాకా, రాజ్యాంగ రచనకు ముందే, ఈ దేశంలో విద్యుత్తుకు సంబంధించిన కేంద్ర శాఖ అంబేద్కర్ చేతిలో ఉంది. కరెంటు ఎవరి ఆస్తిగా ఉండాలి, ఎవరికి అందాలి, ఏ ధరకు అందాలి అనే ప్రశ్నలకు ప్రభుత్వం తరఫున మొదటిసారి ఒక విధానం తయారైంది ఆయన అధ్యక్షతనే. ఆ విధానం తర్వాత ఎటు పోయిందో, అందులో వాడ ఎక్కడ తప్పిపోయిందో తెలియాలంటే ఆయన జీవితాన్ని ఈ వైపు నుంచి ఒకసారి చూడాలి.

చిమ్నీ లేని దీపం

అంబేద్కర్ 1891 ఏప్రిల్ 14న మౌ కంటోన్మెంట్‌లో పుట్టారు. తండ్రి రాంజీ సక్పాల్ సైన్యంలో సుబేదార్. సతారా బడిలో గోనెపట్టా మీద విడిగా కూర్చుని, నీళ్ళ కుండ ముట్టుకోకుండా చదువుకున్న పిల్లవాడి సంగతి మనకు తెలిసిందే. ఆ తర్వాతి ముచ్చట అంతగా చెప్పుకోం. కుటుంబం బొంబాయికి మారాక పరేల్‌లోని కార్మికుల చాల్‌లో ఒకే ఒక్క గదిలో ఉండేది. వంట, పడక, చదువు అన్నీ అందులోనే. తండ్రి కొడుకును పెందలాడే పడుకోబెట్టి, అర్ధరాత్రి దాటాక రెండు గంటలకు లేపేవారని జీవితచరిత్రకారులు రాశారు. ఇల్లు సద్దుమణిగిన ఆ వేళలో, చిమ్నీ కూడా లేని కిరోసిన్ దీపం ముందు ఆ కుర్రవాడు తెల్లారేదాకా చదివేవాడు.

అలా చదివి 1907లో మెట్రిక్ పాసయ్యారు. 1912లో బి.ఏ. పూర్తిచేశారు. 1913లో బరోడా సంస్థానం ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్ళారు. అక్కడా, తర్వాత లండన్‌లోనూ ఆయన ప్రధానంగా చదివింది అర్థశాస్త్రం. అంబేద్కర్‌ను న్యాయవాదిగా గుర్తుపెట్టుకుని ఆర్థికవేత్తగా మరిచిపోవడం మన అలవాటు. విద్యుత్తు కథ అర్థం కావాలంటే ఆ ఆర్థికవేత్తను వెనక్కి పిలవాలి.

1918లో ఆయన భారతదేశంలోని చిన్న కమతాల మీద ఒక వ్యాసం ప్రచురించారు. భూములు ముక్కలై పోవడమే వ్యవసాయం దెబ్బతినడానికి కారణమనీ, ముక్కల్ని కలిపేస్తే సరిపోతుందనీ అప్పట్లో చాలామంది వాదించేవారు. అంబేద్కర్ ఒప్పుకోలేదు. పొలం పెద్దదా చిన్నదా అన్నది కొలతతో తేలదని, దాని మీద పెట్టే పనిముట్లు, పెట్టుబడి ఎంత ఉన్నాయన్నదాన్ని బట్టి తేలుతుందని చూపించారు. అవసరానికి మించిన జనం భూమి మీద పడి బతకడం, ఏడాదిలో చాలా రోజులు పనిలేక కూర్చోవడమే అసలు జబ్బు అన్నారు. ఆ జనానికి పరిశ్రమల్లో పని దొరకడమే దానికి మందు అని తేల్చారు. ఆయన ఈ మాట రాసింది ఇరవై ఏడేళ్ళ వయసులో. ఇరవై నాలుగేళ్ళ తర్వాత విద్యుత్ ఫైళ్ళు ఆయన బల్ల మీదకు వచ్చినప్పుడు ఆ ఆలోచనే పని చేసింది.

శాఖ చేతికొచ్చింది

ఆలోపు మహద్ చెరువు పోరాటం (1927), రౌండ్ టేబుల్ సమావేశాలు, పూనా ఒడంబడిక (1932), ఇండిపెండెంట్ లేబర్ పార్టీ స్థాపన (1936) జరిగిపోయాయి. 1942 జూలైలో వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో ఆయన లేబర్ మెంబర్ అయ్యారు. పేరుకు కార్మిక శాఖే అయినా గనులు, ప్రభుత్వ నిర్మాణాలు, నీటిపారుదల, విద్యుత్తు కూడా అందులోనే ఉండేవి. యుద్ధం నడుస్తుండగానే యుద్ధం తర్వాతి పునర్నిర్మాణం కోసం ప్రభుత్వం విధాన కమిటీలు వేసింది. విద్యుత్తు కమిటీకి అంబేద్కర్ అధ్యక్షులు. 1943 అక్టోబరు 25న ఢిల్లీలో ఆ కమిటీ మొదటిసారి కూర్చుంది.

అప్పటి పరిస్థితి ఎలా ఉందంటే, కరెంటు పట్నాల సరుకు. లైసెన్సు తీసుకున్న ప్రైవేటు కంపెనీలు లాభం కనిపించే నగరాల్లోనే తీగలు లాగేవి. పల్లెకు తీగ లాగితే ఖర్చు ఎక్కువ, వసూలు తక్కువ. మద్రాసు ప్రెసిడెన్సీలో ప్రభుత్వమే కట్టిన పైకారా (1932), మెట్టూరు (1937) జలవిద్యుత్ కేంద్రాలు ఉన్నా, అవి తమిళ ప్రాంతంలో ఉన్నాయి. 1947 నాటికి కూడా దేశం మొత్తం ఉత్పత్తి సామర్థ్యం 1,362 మెగావాట్లే. ఐదు లక్షలకు పైబడిన గ్రామాల్లో కరెంటు చూసినవి సుమారు 1,500.

ఆ సమావేశంలో అంబేద్కర్ రెండు ప్రశ్నలను ముందు పెట్టారు. కరెంటు ప్రైవేటు చేతిలో ఉండాలా, ప్రభుత్వం చేతిలో ఉండాలా? కేంద్రం బాధ్యతా, రాష్ట్రాల బాధ్యతా? ఏది ఎంచుకున్నా దేనికోసం ఎంచుకుంటున్నామో మరవకూడదని హెచ్చరించారు. కరెంటు ఉంటే చాలదు, పుష్కలంగా ఉండాలి, చౌకగా ఉండాలి. ఎందుకంటే చౌక కరెంటు లేకుండా పరిశ్రమలు రావు, పరిశ్రమలు రాకుండా తరతరాల పేదరికపు చక్రం నుంచి జనం బయటపడలేరు. 1918 వ్యాసం చెప్పిన మందుకు ఇప్పుడు ఒక శాఖ, కొందరు ఇంజినీర్లు దొరికారు.

లైసెన్సుల బయట మిగిలిన ప్రాంతాల్లో విద్యుత్తును ప్రభుత్వ రంగంలోనో, ప్రభుత్వానికి దగ్గరగా ఉండే సంస్థల ద్వారానో విస్తరించాలన్న విధానం అక్కడి నుంచే వచ్చింది. 1944 నవంబరులో కేంద్ర సాంకేతిక విద్యుత్ మండలి ఏర్పడింది. ఏ నదిలో ఎంత కరెంటు ఉంది, ఏ ప్రాంతాన్ని దేనితో కలపాలి అని సర్వే చేయడం దాని పని. ఆ ఆలోచనల కొనసాగింపుగానే 1948 విద్యుత్ సరఫరా చట్టం వచ్చింది. రాష్ట్ర విద్యుత్ బోర్డులను పుట్టించింది ఆ చట్టమే. మనకు బిల్లులు పంపిన ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విద్యుత్ బోర్డు 1959లో దాని కిందే ఏర్పడింది.

నది, గని, వాటి ఖరీదు

1943లో దామోదర్ నదికి వచ్చిన వరద కలకత్తాను మిగతా దేశం నుంచి తెంచేసింది. అప్పటిదాకా వరదంటే కరకట్టలు పెంచడమే తెలిసిన ప్రభుత్వం ముందు అంబేద్కర్ శాఖ వేరే దారి పెట్టింది. నీళ్ళను సముద్రంలోకి తరిమేయడం దేనికి, ఆపి నిల్వ చేస్తే వరద తగ్గుతుంది, చేలకు నీళ్ళొస్తాయి, కరెంటూ వస్తుంది. అమెరికాలో 1933లో టెనెస్సీ లోయ కోసం పెట్టిన సంస్థ దీనికి నమూనా. అక్కడి ఇంజినీరు వూర్డుయిన్‌ను రప్పించి పథకం రాయించారు. 1945 జనవరిలో కలకత్తాలో బెంగాల్, బీహార్ ప్రతినిధులతోనూ, నవంబరులో కటక్‌లో మహానది గురించీ సమావేశాలు నడిపారు. దామోదర్ లోయ కార్పొరేషన్ చట్టం 1948లో అమల్లోకి వచ్చింది. ఒక నది రెండు రాష్ట్రాల్లో పారితే ఆ నది మొత్తానికి ఒక సంస్థ ఉండాలన్న ఆలోచన ఈ దేశంలో అలా మొదలైంది.

ఇందులో చీకటి భాగాలూ ఉన్నాయి. వాటిని దాచి ఆయన్ను మొయ్యాల్సిన పని లేదు. యుద్ధకాలంలో బొగ్గు కొరత పేరుతో 1943లో స్త్రీలు భూగర్భ గనుల్లో పనిచేయకూడదన్న నిషేధాన్ని ప్రభుత్వం ఎత్తేసింది. అది ఆయన శాఖ కిందే జరిగింది, విమర్శలూ వచ్చాయి. ఆ డిసెంబరులో ఆయన స్వయంగా ధన్‌బాద్ వెళ్ళి గనిలోకి దిగి చూశారు. 1946లో ఆ నిషేధం తిరిగి వచ్చింది.

ఆనకట్టల ఖరీదును ఎక్కువగా చెల్లించింది ఆదివాసులు. దామోదర్ పథకంలో భాగమైన పాంచెట్ ఆనకట్టను 1959 డిసెంబరు 6న ప్రారంభించారు. అది బాబాసాహెబ్ మూడో వర్ధంతి రోజు. నెహ్రూ పక్కన నిలబడి మీట నొక్కింది బుధ్‌ని మెఝాన్ అనే సంతాల్ కూలీ అమ్మాయి. ఆయనకు దండ వేసింది గనుక పెళ్ళయిపోయినట్టేనని ఆమె జాతివాళ్ళు వెలివేశారు. 1962లో ఆమె ఉద్యోగమూ పోయింది. పథకం పూర్తయింది, పథకాన్ని వెలిగించిన మనిషి రోడ్డున పడింది. తర్వాతి దశాబ్దాల్లో ఇదే పద్ధతి చాలాచోట్ల కనిపిస్తుంది.

ఊరా, మనిషా?

1947లో షెడ్యూల్డ్ కులాల ఫెడరేషన్ తరఫున రాజ్యాంగ సభ కోసం రాసిన వినతిపత్రంలో అంబేద్కర్ తన ఆర్థిక ప్రణాళికను పూర్తిగా బయటపెట్టారు. కీలక పరిశ్రమలు ప్రభుత్వానివే కావాలి. బీమా ప్రభుత్వానిదే కావాలి. వ్యవసాయం కూడా ప్రభుత్వ పరిశ్రమ కావాలి. భూమిని ప్రభుత్వం తీసుకుని, కుల భేదం లేకుండా ఊరి కుటుంబాలకు ఉమ్మడి సాగుకు ఇవ్వాలి. అప్పుడు భూస్వామీ ఉండడు, భూమిలేని కూలీ ఉండడు. ఇవన్నీ మారే ప్రభుత్వాల దయ మీద వదలకుండా రాజ్యాంగంలోనే రాసేయాలన్నది ఆయన కోరిక. 1920లోనే సోవియట్ రష్యా దేశమంతటికీ విద్యుదీకరణ ప్రణాళిక వేసింది, కానీ అక్కడ నిర్ణయమంతా ఒకే పార్టీ చేతిలో ఉంది. అంబేద్కర్ కోరిన ప్రణాళిక ఓటు హక్కుతో, పార్లమెంటుతో కలిసి నడవాల్సినది. రాజ్యాంగం దాన్ని తీసుకోలేదు.

1948 నవంబరు 4న రాజ్యాంగ ముసాయిదాను సభ ముందు పెడుతూ ఆయన ఇంకో మాట తేల్చారు. పల్లెను పునాదిగా తీసుకోవాలని కొందరు పట్టుబట్టారు. ఆయన దృష్టిలో పల్లె సంకుచితత్వానికీ కుల పెత్తనానికీ పుట్ట. అందుకే ముసాయిదా పల్లెను వదిలి వ్యక్తిని ప్రమాణంగా తీసుకున్నందుకు సంతోషం ప్రకటించారు. ఇది గుర్తుపెట్టుకోవాలి. విద్యుదీకరణ లెక్క తప్పింది ఇక్కడే.

స్వతంత్ర భారత మంత్రివర్గంలో ఆయనకు న్యాయశాఖ ఇచ్చారు. పరిపాలన శాఖ కూడా కావాలని అడిగితే, కొత్తగా పెట్టబోయే ప్రణాళిక శాఖ ఇస్తానని ప్రధాని మాటిచ్చారు. ఆ శాఖ చాలా ఆలస్యంగా వచ్చింది, వచ్చినప్పుడు ఆయనకు దక్కలేదు. 1950 మార్చిలో ప్రణాళికా సంఘం ఏర్పడింది, 1951లో మొదటి పంచవర్ష ప్రణాళిక మొదలైంది. అదే ఏడాది ఆయన మంత్రివర్గం నుంచి బయటికొచ్చారు. హిందూ కోడ్ బిల్లును నీరుగార్చడం ప్రధాన కారణమే అయినా, ప్రణాళిక శాఖ సంగతిని కూడా రాజీనామా ప్రకటనలో ఆయన నమోదు చేశారు. విద్యుత్తు విధానం రాసిన ఆర్థికవేత్త, తీరా ప్రణాళిక వేసే గదికి బయటే ఉండిపోయారు.

కాలువ దారినే కరెంటు

దుగ్గిరాల లాకుల దగ్గర కృష్ణా పశ్చిమ కాలువ పాయలుగా చీలి డెల్టా పల్లెలకు సాగిపోతుంది. నీళ్ళు ముందు ఎగువ చేలను తడుపుతాయి, చివరి భూములకు వంతు వచ్చేసరికి కాలువ సన్నబడుతుంది. డెల్టాలో ఈ సంగతి ఎవరికీ వివరించక్కర్లేదు. కరెంటు కూడా ఆ దారే పట్టింది. 1955లో ఆంధ్ర, ఒరిస్సా సరిహద్దులోని మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం మొదలయ్యాక కోస్తా జిల్లాలకు పెద్ద ఎత్తున కరెంటు అందే వీలు కలిగింది. తీగలు రైసు మిల్లులకు, బజారు వీధులకు, ఊళ్ళో పెద్దల ఇళ్ళకు చేరాయి.

అదే 1955లో భాషాప్రయుక్త రాష్ట్రాల మీద తన ఆలోచనలు రాస్తూ అంబేద్కర్ ఆంధ్రను ఉదాహరణగా తీసుకున్నారు. ఇక్కడ రెడ్డి, కమ్మ, కాపు వంటి రెండు మూడు పెద్ద కులాల చేతుల్లోనే భూమీ, ఉద్యోగాలూ, వ్యాపారమూ ఉన్నాయని, అంటరానివాళ్ళు వాళ్ళ మీద ఆధారపడి బతుకుతున్నారని పేర్లు పెట్టి మరీ రాశారు. ఆ మరుసటి ఏడు డిసెంబరు 6న ఆయన కన్నుమూశారు.

ఆయన తర్వాత ప్రణాళికలు ఏం లెక్కపెట్టాయి? ఊళ్ళను. ఒక ఊరి రెవెన్యూ హద్దుల్లో ఎక్కడైనా, ఏ అవసరానికైనా కరెంటు వాడితే ఆ ఊరు విద్యుదీకరణ అయిపోయినట్టే. పొలంలో ఒక ఆసామి మోటారు తిరిగితే చాలు, వాడలో ఒక్క బల్బు వెలగకపోయినా ఊరంతటికీ వెలుగొచ్చినట్టు కాగితంలో పడేది. 1997 దాకా దేశమంతటా ఇదే నిర్వచనం.

1960ల మధ్యలో వచ్చిన కరువు తర్వాత ఈ మొగ్గు ఇంకా పెరిగింది. తిండిగింజల కోసం పంపుసెట్లకు కరెంటు ఇవ్వడమే గ్రామీణ విద్యుదీకరణ అయింది. వెంకటప్పయ్య అధ్యక్షతన వేసిన గ్రామీణ రుణ సమీక్ష సంఘం సిఫారసుతో 1969లో గ్రామీణ విద్యుదీకరణ సంస్థ పుట్టింది. అది ప్రయోగంగా మొదలుపెట్టిన సహకార విద్యుత్ సంఘాల్లో మన సిరిసిల్ల ఒకటి. పంటలు పెరిగాయి, నిజమే. అయితే పంపుసెట్టు పెట్టాలంటే ముందు భూమి ఉండాలి. భూమిలేని వాళ్ళకు ఆ ప్రణాళికలో దొరికింది మోటారు తడిపిన చేలో కూలి పని. 2004లో ఇచ్చిన ఉచిత వ్యవసాయ విద్యుత్తు కూడా ముందుగా చేరేది మోటారు ఉన్నవాడికే.

1980ల చివరికి ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు అన్ని గ్రామాలూ విద్యుదీకరణ జాబితాలోకి ఎక్కాయి. కాలువ నీళ్ళతో, కరెంటుతో డెల్టాలో డబ్బు పోగుపడిన కాలం అది. అప్పుడే 1985 జూలై 17న కారంచేడులో, మంచినీళ్ళ చెరువు దగ్గర గొడవ మొదలై, మాదిగలను నరికి చంపారు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితులను చంపారు. దానికి ముందు రాజుకున్న గొడవ ఒక సినిమా హాలులో కాలు తగిలిందన్నది. హాలుకు కరెంటొచ్చింది, బొమ్మ ఆడింది, పక్క కుర్చీలో దళితుడు కూర్చుంటే ఓర్చుకునే బుద్ధి మాత్రం రాలేదు. పల్లెను నమ్మవద్దని 1948లో అంబేద్కర్ ఎందుకన్నారో దుగ్గిరాల, తెనాలి చుట్టుపక్కల పుట్టినవాళ్ళకు వేరే పాఠం అక్కర్లేదు.

లెక్క మారడానికి పట్టిన కాలం

వాడను వేరుగా గుర్తించడం మెల్లగా మొదలైంది. 1988-89లో వచ్చిన కుటీర జ్యోతి పథకం పేద కుటుంబాలకు, అందులోనూ దళిత, ఆదివాసీ ఇళ్ళకు ఒక్కో బల్బు కనెక్షన్ ఇచ్చింది. ఒక్క బల్బే. 1997లో నిర్వచనం మార్చి, జనం నివసించే చోట కరెంటు వాడితేనే ఊరిని లెక్కలోకి తీసుకోవాలన్నారు. 2004లో ఇంకోసారి మార్చారు. ఊళ్ళోనే కాక దళితవాడలోనూ ట్రాన్స్‌ఫార్మర్, తీగలు ఉండాలి, బడి, పంచాయతీ ఆఫీసు, ఆరోగ్య కేంద్రం వంటి చోట్ల కరెంటు ఉండాలి, కనీసం పది శాతం ఇళ్ళకు కనెక్షన్ ఉండాలి. దళితవాడ అనే మాట విద్యుదీకరణ నిర్వచనంలోకి ఎక్కడానికి స్వాతంత్ర్యం వచ్చాక 57 ఏళ్ళు పట్టింది. ఎక్కినా, మిగతా తొంభై శాతం ఇళ్ళు చీకట్లో ఉండవచ్చని అదే నిర్వచనం ఒప్పుకుంది. ప్రతి ఇంటినీ లెక్కపెట్టే సౌభాగ్య పథకం 2017లో గాని రాలేదు. ఊరు కాదు, మనిషి ప్రమాణమని బాబాసాహెబ్ అన్నాక 69 ఏళ్ళకు కరెంటు శాఖ ఇంటి గడప దాకా వచ్చింది.

ఈలోగా ఆయన వేసిన రెండో పునాది, ప్రభుత్వ యాజమాన్యం, కదిలిపోయింది. 1998 సంస్కరణల చట్టంతో ఆంధ్రప్రదేశ్ విద్యుత్ బోర్డును ముక్కలు చేశారు. చార్జీల పెంపుపై 2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో జనం కదిలితే పోలీసు కాల్పులు జరిగాయి. 1948 చట్టాన్ని 2003 విద్యుత్ చట్టం రద్దు చేసింది. కరెంటు మళ్ళీ లాభనష్టాల సరుకుగా మారుతున్న ఈ రోజుల్లో, 1943 అక్టోబరులో ఆయన వేసిన ప్రశ్నలు పాతబడలేదు. ఎవరి చేతిలో, ఎవరి కోసం, ఏ ధరకు?

2013లో వచ్చిన ఉపప్రణాళిక చట్టం, ఎస్సీ, ఎస్టీ ఇళ్ళకు ఇస్తున్న ఉచిత యూనిట్లు పోరాడి తెచ్చుకున్నవే. వాటిని కాపాడుకోవాలి. అంతటితో ఆగితే, బల్బు వెలిగిన ఇంట్లో కూలి బతుకు అలాగే ఉంటుంది. అంబేద్కర్‌కు కరెంటు అంటే వీధి దీపం ఒక్కటే కాదు. కరెంటు మీద పరిశ్రమ, పరిశ్రమ మీద ఉద్యోగం, ఆ ఉద్యోగంతో ఆసామి గడప దగ్గర నిలబడక్కర్లేని బతుకు. దుగ్గిరాల పసుపు యార్డుకు వచ్చే పంటను తవ్వి, ఉడకబెట్టి, ఆరబోసే చేతుల్లో ఎన్నిటికి సొంత భూమి ఉంది, ఎన్నిటికి సొంత మిషను ఉంది అని అడగడం ఆయన అర్థశాస్త్రాన్ని మన ఊళ్ళో చదవడమే.

ఈ డిసెంబరు 6న దండ వేయడానికి వెళ్ళే విద్యార్థులు ఒక నోటుబుక్కు కూడా పట్టుకెళ్ళాలి. వాడలో ఎన్ని ఇళ్ళకు సొంత పేరున మీటరు ఉంది, బకాయి కింద కనెక్షన్ పీకేసిన ఇళ్ళు ఎన్ని, మోటారు ఉన్న దళిత రైతులు ఎందరు, కౌలుకు చేస్తూ ఉచిత కరెంటు పేరు కూడా దక్కనివాళ్ళు ఎందరు అని రాసుకురావాలి. ఊళ్ళ లెక్క ప్రభుత్వం దగ్గర ఉంది. మనుషుల లెక్క మనం రాయాలి.